బల్ల చప్పుడు

"ఎక్కకుండా కడగమంటే ఎట్టా కడగాలత్తా? నా చెయ్యేమన్నా రబ్బరా సాగడానికి?" అంది దుర్గ మళ్ళీ.

"ఇన్నేళ్ళబట్టీ కడుగుతానే ఉన్నావుగా. ఇవాళ కొత్తగా పొట్టయిందా చెయ్యి?" ఒడ్డు మీద నించి చిట్టెమ్మ.

లక్ష్మీదుర్గ కాలవలో నడుములోతు నీళ్ళలో నిలబడి ఉంది. చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, ఎడమచేత్తో పడవ అంచు పట్టుకుని, పొడుగు కర్రకి కట్టిన చీపుర్ని కుడిచేత్తో లోపలికి చాపుతోంది. డాల్ఫిన్లు చూడటానికి గుడివాడ నించి వచ్చినావిడ సముద్రం మీద కక్కుకున్నది మధ్య బల్ల కింద అట్టకట్టింది. చీపురు కొస అక్కడిదాకా వెళ్తోంది గానీ రుద్దడానికి ఊపు అందడం లేదు. నీళ్ళు సముద్రంలోకి తీస్తున్న వేళ. కాళ్ళకింద బురద వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది.

"ఆవిడ చెప్పులతో ఎక్కింది. చెప్పులతోనే దిగింది."

"ఆవిడ బేరం. నువ్వు ఇంటి ఆడదానివి."

"ఇంటి ఆడదాని కాళ్ళకి విషం ఉంటదా?"

"ఇంటి ఆడది ఎక్కితే పడవకి ఇల్లు గుర్తొస్తది. సముద్రం మీద నిలవదు. మా అత్త నాకు చెప్పింది, నేను నీకు చెబుతున్నా. నువ్వు నీ కోడలికి చెప్పుకో."

"నాకు కోడలెక్కడిది? కూతురు."

"అయితే అది ఇంకో ఇంటికెళ్ళి వాళ్ళ పడవ కడుగుద్ది. నువ్వు ముందు ఆ మూల రుద్దు."

చిట్టెమ్మ చెంబులో పసుపునీళ్ళు కలిపి తెచ్చింది. బయటి ఆడవాళ్ళు ఎక్కి దిగిన ప్రతిసారీ వేపమండతో పడవ మూతి మీద చల్లుతుంది. ఒడ్డున గట్టి మట్టి మీద నిలబడే చల్లుతుంది. పెళ్ళయి వచ్చిన దగ్గర్నించీ ఆ ఇంటి పడవలు మూడు మారాయి, చెక్క పోయి ఫైబర్ వచ్చింది, తెడ్డు పోయి ఇంజను వచ్చింది. ఒక్కదాంట్లోనూ ఆవిడ కాలు పెట్టలేదు.

బేరానికి వచ్చినవాళ్ళు దిగే రేకుల గది మెట్లు దిగి గుడివాడావిడ నెమ్మదిగా వచ్చింది. పేరు సుమలత. ముఖం ఇంకా పాలిపోయి ఉంది. చేతిలో సగం తాగిన మజ్జిగ గ్లాసు. కాసేపు చూసి, "లోపలికెక్కి కడిగితే తేలిగ్గా అయిపోతుందిగా?" అంది.

"మేం ఎక్కమండి," అంది దుర్గ.

"మరి నేనెక్కానుగా?"

దుర్గ చీపురు మళ్ళీ లోపలికి చాపింది. సుమలత అత్తా కోడళ్ళ ముఖాలు మార్చి మార్చి చూసింది. గ్లాసు గట్టు మీద పెట్టి, చెప్పులు విప్పి, పంజాబీ డ్రెస్సు మోకాళ్ళ దాకా మడుచుకుని పడవలోకి ఎక్కింది. "ఇటివ్వండి ఆ చీపురు. నేను చేసిన పనే కదా."

దుర్గ ఇవ్వలేదు. సుమలత వంగి తనే లాక్కుంది. ఇక చేసేదేముంది, దుర్గ బకెట్టుతో కాలవ నీళ్ళు ముంచి అంచు మీద నించి అందించింది, ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని రుద్దింది. మురికినీళ్ళు పడవ పక్కనున్న నీళ్ళు పోయే కన్నంలోంచి దుర్గ చీర మీదికే వచ్చాయి. చిట్టెమ్మ వేపమండ పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చల్లిన నీళ్ళు మళ్ళీ చల్లాలా అక్కర్లేదా ఆవిడకి తేలినట్టు లేదు.

మర్నాడు పొద్దున వసారాలో ఇద్దరు పిల్లలూ ఒకే పీట మీద కూర్చున్నారు. సుమలత కూతురు చందన ఎనిమిదో తరగతి. దుర్గ కూతురు సునీతదీ అదే తరగతి, నాగాయలంక హైస్కూల్లో. చందన ఫోన్‌లో నిన్నటి వీడియో చూపిస్తోంది. బూడిదరంగు వీపులు నీళ్ళలోంచి లేచి, ఒంగి, మళ్ళీ నీళ్ళలో కలిసిపోతున్నాయి.

"నువ్వు లక్కీ. రోజూ చూస్తావు," అంది చందన.

సునీత రొయ్యల తలలు గిల్లి పళ్ళెంలో వేస్తోంది. "నేను చూళ్ళేదు."

"డాల్ఫిన్లనా?"

"ఒకసారి చచ్చిపోయి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. నానమ్మ బొట్టు పెట్టి కొత్త గుడ్డ కప్పింది. అప్పుడు చూశా."

"బతికున్నవి?"

"మా నాన్న ఫోన్లో."

పొయ్యి దగ్గర దుర్గ అట్టు తిప్పడం మర్చిపోయింది. మాడిన వాసనకి తేరుకుని అట్లకాడతో గీకింది. మాడినది తన కంచంలోకి వేసుకుని కొత్తది పోసింది.

చందన చిట్టెమ్మ వైపు తిరిగింది. "అమ్మమ్మగారూ, నిన్న తాతగారు కర్రతో పడవ బల్ల మీద కొడితే డాల్ఫిన్లు వచ్చేశాయి. ఎలా వస్తాయి?"

పెద్దరికం ఇచ్చి అడిగేసరికి చిట్టెమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది. "కూటికి వస్తాయి బుజ్జమ్మా. ఆ చప్పుడుకి కత్తిపరిగె చేపలు బెదిరి గుంపుగా పరుగెడతాయి. మావాళ్ళు అడ్డంగా వల వేస్తారు. ఇటు మేం, అటు అవి, ఎవరిది వాళ్ళం తింటాం. మనం కంచం చప్పుడు చేస్తే పిల్లలు రారూ, అట్టాగే. అయితే ఒకటి. నీళ్ళలో మనిషుండగా మా ఇంటి పడవ మీద బల్ల కొట్టరు. వల చిక్కు తీయడానికి దిగినోడు పైకెక్కి ఒళ్ళు తుడుచుకున్నాకే కర్ర ముట్టుకుంటారు. ఆకలి మీద ఉన్నదానికి చేపేదో మనిషేదో చూసుకునే తీరిక ఉంటదా?"

"మీరు చూశారా?"

"నేనెక్కడ చూస్తా, పడవెక్కితేగా? ఎక్కకపోయినా ఆ పడవకి పద్ధతులన్నీ నావే. మా ఆయన్నడుగు."

వసారా చివర వల చిక్కు తీసుకుంటున్న గంగరాజు తల ఎత్తకుండానే నవ్వాడు.

చందన ఇక్కడికి వచ్చిందే డాల్ఫిన్ల దగ్గర ఈత కొట్టడానికి. విజయవాడలో ఈత నేర్చుకుంది. రేకుల గది గోడ మీద దుర్గ మొగుడు నాగబాబు నీలంరంగుతో రాయించిన బోర్డులోనూ, ఫోన్‌లో పెట్టిన ఫోటోల కిందా అదే మాట ఉంది: డాల్ఫిన్లతో ఈత. చందన తండ్రి ప్రేమ్ సాగర్‌కి గుడివాడలో టైర్ల షాపు. ఆ మాట చూసే బుక్ చేశాడు.

"రేపు పొద్దున దింపుతాం సార్," అన్నాడు నాగబాబు టీ గ్లాసులు అందిస్తూ. "లైఫ్ జాకెట్ వేసి నేనే పట్టుకుంటా పాపని."

సుమలత గ్లాసులోకి చూస్తూ, "మీరు కాదు నాగబాబుగారూ," అంది. "ఏమీ అనుకోకండి. పిల్ల పెద్దదవుతోంది. నాకా ఈత రాదు. ఆడమనిషెవరైనా ఉంటే బాగుంటుంది. దుర్గమ్మకి ఈత బాగా వచ్చంటగా, సునీత చెప్పింది."

నాగబాబు సునీత వైపు చూసిన చూపుకి ఆ పిల్ల రొయ్యల పళ్ళెం తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

దుర్గ పుట్టిల్లు ఎదురుమొండి దీవి. పీతల కోసం ఒక పాయలోంచి ఇంకో పాయలోకి ఈదుతూ పెరిగింది. ఆ సంగతి ఈ ఇంట్లో అందరికీ తెలుసు గానీ దానితో ఇన్నాళ్ళూ ఎవరికీ పనిపడలేదు.

"తను రాదండి. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఎక్కరు," అన్నాడు నాగబాబు.

"అయితే చందన దిగదు. దూరం నించి చూసి వచ్చేద్దాం."

"అమ్మా," అంది చందన. ఫోన్ పీట మీద పడేసింది.

ప్రేమ్ సాగర్ కుర్చీ వెనక్కి వాల్చాడు. "బోర్డు మీద ఈత అని రాశారు, ఈతకి మనిషి లేడంటే ఎలాగయ్యా? వెళ్ళాక అందరూ అడుగుతారు, ఏం చెప్పమంటావ్?" నవ్వుతూనే అన్నాడు. నాగబాబు నవ్వలేదు. పాలెంలో ఇప్పుడు ఇంకో మూడు పడవలు ఇదే బేరానికి తిరుగుతున్నాయి. వచ్చినవాళ్ళు ఫోన్‌లో ఏం రాస్తే దాన్నిబట్టే తర్వాతివాళ్ళు.

మధ్యాహ్నమంతా ఆ మాటే నడిచింది. నాగబాబు తల్లిని బతిమాలాడు, తర్వాత విసుక్కున్నాడు. చిట్టెమ్మ చేపలు తోముతూ ప్రతి మాటకీ ఒక చేప తల తెగ్గొట్టింది. దుర్గని ఎవరూ అడగలేదు. చివరికి గంగరాజు వల పక్కన పెట్టి, "పడవెక్కొద్దు. థర్మోకోల్ తెప్ప మీద కూర్చుంటది. తెప్పని పడవకి కట్టి లాక్కెళ్దాం. తెప్ప పడవ కాదుగా," అన్నాడు.

చిట్టెమ్మ ఆలోచించింది. "తాడు?"

"తాడు తాడే. దానికి ఆడా మగా ఏముంది?"

"మేకని లాక్కెళ్ళినట్టా?" అంది దుర్గ. అప్పటిదాకా ఆమె అన్న మొదటి మాట అదే.

"వస్తావా రావా?" అన్నాడు నాగబాబు. "ఆ బోర్డు చెరిపెయ్యమంటావా?"

దుర్గ తలుపు దగ్గర నిలబడ్డ కూతుర్ని చూసింది. సునీత కళ్ళు అటూ ఇటూ తిరగకుండా తల్లి మీదే ఉన్నాయి.

"వస్తాను," అంది.

మర్నాడు పొద్దున నీళ్ళు పోటు మీద ఉండగానే బయల్దేరారు. పడవలో ముందు ప్రేమ్ సాగర్, మధ్య బల్ల మీద తల్లీ కూతుళ్ళు, వెనక ఇంజను దగ్గర గంగరాజు, ఆయనకి ముందు నాగబాబు. వాళ్ళ వెనక తాడు చివర, తెప్ప మీద దుర్గ. ఇంజను పొగ సూటిగా ముఖం మీదికి కొడుతోంది. పడవ కోసిన నీళ్ళు రెండు పక్కలా లేచి ఒళ్ళో పడుతున్నాయి. ఒడ్డున వలలు ఆరేస్తున్న ఆడవాళ్ళు చేతులు ఆపి చూశారు. ఎవరో "దుర్గొదినా, ఊరేగింపా?" అని అరిచారు. దుర్గ చెయ్యి ఊపింది. నవ్వడానికి ప్రయత్నిస్తే నోట్లోకి ఉప్పునీళ్ళు వెళ్ళాయి.

మడ చెట్లు పలచబడి, రెండు పక్కలా ఒడ్డు దూరంగా జరిగి, కృష్ణ సముద్రంలో కలిసే మొగ వచ్చింది. నీళ్ళ రంగు అక్కడ గీత గీసినట్టు మారిపోతుంది. ఇటు మట్టిరంగు, అటు పచ్చ. గంగరాజు ఇంజను ఆపేశాడు.

మొదట వినపడింది ఊపిరి. పెద్ద మనిషి అలసిపోయి గట్టిగా విడిచినట్టు, పక్కనే. దుర్గ తల తిప్పేసరికి నీటి మీద వలయం మాత్రం మిగిలింది. తర్వాత ఇంకోచోట, ఇంకోటి. వీపులు. వీపు మీద మూపురం లాగా ఎత్తుగా, దాని మీద చిన్న రెక్క. ఒక పెద్దదాని పక్కన, దాని పొట్టకి అతుక్కున్నట్టు, ముదురు రంగు చిన్నది. పెద్దది లేచిన ప్రతిసారీ చిన్నది ఒక క్షణం ఆలస్యంగా లేస్తోంది.

వీడియోలో ఈ ఊపిరి చప్పుడు లేదు అనుకుంది దుర్గ.

నాగబాబు తెప్పని పడవ పక్కకి లాగి, చందనకి జాకెట్ బిగించి నీళ్ళలోకి దింపాడు. దుర్గ వంగి జాకెట్ పట్టీ అందుకుని తెప్ప దగ్గరికి లాక్కుంది. "తెప్ప అంచు గట్టిగా పట్టుకో అమ్మా. కాళ్ళు కొట్టకు. ఊరికే తేలు."

"చల్లగా ఉంది ఆంటీ."

"కాసేపటికి అలవాటవుద్ది. అదిగో, నీ ఎడం పక్క."

చిన్నది నీళ్ళ మీద పక్కకి ఒరిగి, ఒక కన్ను పైకి పెట్టి చూసింది. చందన ఊపిరి బిగబట్టింది. తల్లి డాల్ఫిన్ మధ్యలోకి వచ్చి చిన్నదాన్ని అవతలికి నెట్టింది. మళ్ళీ అది చుట్టు తిరిగి వచ్చింది. పడవలో సుమలత మళ్ళీ కక్కుకోవడానికి అవతలి అంచు మీదికి తల వాల్చేసింది.

"దూరంగా ఉన్నాయి నాగబాబూ. ఫోన్‌లో చుక్కల్లా పడుతున్నాయి," అన్నాడు ప్రేమ్ సాగర్. "మా అమ్మాయీ అవీ ఒకే ఫ్రేమ్‌లో రావాలి కదా. మొన్నటిలా పిలవరాదూ?"

నాగబాబు తండ్రి వైపు చూశాడు. గంగరాజు దూరంగా సముద్రం వైపు చూస్తున్నాడు. నాగబాబు బల్ల కింద చెయ్యి పెట్టి కర్ర తీశాడు.

"బావా," అంది దుర్గ. "వద్దు. పిల్ల నీళ్ళలో ఉంది."

"రెండు దెబ్బలే."

"పిల్లని ఎక్కించు ముందు. మావయ్యా, మీరు చెప్పండి."

గంగరాజు ఇటు తిరగలేదు.

బల్ల మీద కర్ర పడింది. ఒకటి. రెండు. మూడో దెబ్బ పడేలోపే నీళ్ళు ఉడికినట్టయ్యాయి. కత్తిపరిగెలు వెండి చిప్పల్లా పైకి ఎగిరి తెప్ప మీద పడ్డాయి, దుర్గ ఒళ్ళో, చందన తల మీద. వాటి వెనక నల్లటి నీడలు నీటి అడుగున దూసుకొచ్చాయి. ఇందాకటి నెమ్మది లేదు. ఒకటి తెప్ప కింద నించి వెళ్తే తెప్ప ఒక పక్కకి లేచింది. ఇంకోటి చందన తుంటికి తగిలింది. పిల్ల అరుపు సగంలో ఆగి నీళ్ళలోకి పోయింది. తెప్ప అంచు మీద చేతులు లేవు. జాకెట్ పట్టీ దుర్గ వేళ్ళలోంచి జారిపోయింది.

అప్పటికి పోటు తిరిగింది, సముద్రంలోకి తీస్తున్న నీళ్ళు పిల్లని పడవ వెనక్కి లాగుతున్నాయి. ఎర్ర జాకెట్ కనపడుతోంది, ముఖం ఒకసారి పైకీ ఒకసారి కిందికీ. గంగరాజు లేచాడు, చూశాడు, పడవ తిప్పడానికి ఇంజను తాడు లాగాడు.

"ఇంజను వద్దు మావయ్యా. ఇంజను ఆపండి," అని అరిచింది దుర్గ.

ఆ చప్పుడులో ఎవరికి వినపడుతుంది? దుర్గ దూకింది. చీర కాళ్ళకి చుట్టుకుంది, లాగి వదిలేసింది. నాలుగు బారల్లో పిల్ల జాకెట్ మెడ దగ్గర పట్టుకుంది. పడవ వెనక భాగం వాళ్ళ మీదికి తిరుగుతోంది. ఇంజను ఫ్యాను తిప్పే నురుగు కాళ్ళకి తగిలేంత దగ్గర. దుర్గ పిల్లని అవతలికి తోసి తన అరచేత్తో పడవ పక్కన దబదబ బాదింది. అప్పుడు సుమలత తల తిప్పి చూసి కేకపెట్టింది. ఇంజను ఆగింది.

ఆగేలోపు ఇంకో చప్పుడు వచ్చింది. మెత్తగా, తడిబట్ట రాయి మీద పడ్డట్టు. నురుగులోంచి చిన్నది తేలింది. వీపు మీద తెల్లటి గీత. చూస్తుండగానే గీత ఎర్రబడింది. తల్లి దాని కిందికి దూరి పైకి ఎత్తింది. రెండూ మునిగాయి. తర్వాత ఎంతసేపు చూసినా ఏ వీపూ లేవలేదు.

తిరిగి వచ్చేటప్పుడు చందనని పడవలోకి ఎక్కించారు. దుర్గ లంగా, రవిక మీద నాగబాబు తువ్వాలు కప్పుకుని తెప్ప మీద కూర్చుంది. అంత జరిగాక కూడా పడవలోకి రమ్మని ఎవరూ అనలేదు. తనూ అడగలేదు.

ఒడ్డున చిట్టెమ్మ, సునీత నిలబడి ఉన్నారు. వాలకం చూడగానే చిట్టెమ్మకి అర్థమైంది. "ఏమైందిరా?"

నాగబాబు నీళ్ళలోకి దూకి తాడు లాగుతూ చెప్పాడు. "ఏముందమ్మా. పెద్దవి దగ్గరికి రాగానే దుర్గ కంగారుపడి అరిచింది. పిల్ల బెదిరి తెప్ప వదిలేసింది. వెనక్కి తిప్పబోతే ఇంజనుకి చిన్నది అడ్డమొచ్చింది."

"చచ్చిపోయిందా?"

"రక్తం కనపడింది."

చిట్టెమ్మ రెండు చేతులూ చెవుల మీద పెట్టుకుంది. "తెప్ప మీదైనా వద్దంటే విన్నారా? తాడుకి ఆడా మగా లేదన్నాడు మహానుభావుడు. చూడండిప్పుడు. గంగమ్మ పిల్ల మీద మన ఇంజను పడింది. ఈ ఇంట్లో వల మళ్ళీ నిండుద్దా?"

దుర్గ తెప్ప దిగింది. తువ్వాలు కొసల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. మొగుడి ముఖంలోకి చూసింది. నాగబాబు తాడు ముడి విప్పడంలో మునిగిపోయాడు. మామూలుగా ఒక్క గుంజుకి ఊడే ముడి అది. గంగరాజు ఇంజను మీద గోనెపట్టా కప్పుతున్నాడు. ప్రేమ్ సాగర్ కూతుర్ని భుజాన వేసుకుని మెట్ల వైపు వెళ్ళిపోతూ, "అరవకుండా ఉంటే సరిపోయేది," అన్నాడు ఎవరితోనో అన్నట్టు.

"నేనెందుకు అరిచానో..." అని మొదలుపెట్టి దుర్గ ఆపేసింది. అందరూ తలలు వేరే వైపు పెట్టుకున్నాక ఎవరికి చెప్పాలి? సునీత వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. చెయ్యి తిప్పి చూసింది. పడవని బాదిన అరచెయ్యి చీరుకుపోయి ఉంది.

మధ్యాహ్నం దుర్గ వంటింట్లోంచి బయటికి రాలేదు. కందిపప్పు కడిగింది, కడిగిందే మళ్ళీ కడిగింది. నీళ్ళు తగిలినప్పుడల్లా అరచెయ్యి మండింది. పొద్దున ఆ చిన్నది కన్ను పైకి పెట్టి చూసిన చూపు మాటిమాటికీ గుర్తొస్తోంది. బతికి ఉంటే ఈపాటికి తల్లి దాన్ని ఎక్కడికి తీసుకెళ్ళి ఉంటుంది? ఆ మాట అడగడానికి కూడా తనకి హక్కు లేదు. రేపు నాగబాబు వెళ్తాడు, వచ్చి ఏది చెబితే అదే జరిగినట్టు. ఇవాళ్టిది ఎలా జరిగినట్టయిందో చూసింది కదా.

చందన తుంటి మీద చెయ్యంత మచ్చ నల్లగా కమిలింది. నాగాయలంక నించి డాక్టరుని పిలిపిస్తే ఎముకకేం కాలేదన్నాడు. చిట్టెమ్మ ఉప్పు మూట వేడిచేసి కాపడం పెట్టడానికి పైకి వెళ్ళింది. దుర్గ సుమలతకి చారు అన్నం తీసుకెళ్ళేసరికి చిట్టెమ్మ మంచం పక్కన కూర్చుని ఉంది. తలుపు వారగా వేసి ఉంది.

"ఆంటీ అరుపుకి భయపడ్డావా అమ్మా?" అంటోంది చిట్టెమ్మ.

"ఆంటీ నన్నేం భయపెట్టలేదు. ఆ చప్పుడు వచ్చింది అమ్మమ్మా. నీళ్ళలో ఉంటే చెవుల్లో కాదు, పళ్ళల్లో వినపడింది. టక్, టక్ అని. అంకుల్ కర్రతో కొట్టారు. ఆంటీ వద్దు వద్దు అంటూనే ఉంది."

ఉప్పు మూట పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"ఎప్పుడు కొట్టాడు? నువ్వు దిగకముందా?"

"దిగాకే. డాడీ వీడియో కోసం పిలవమన్నారు."

మంచం అవతలి వైపు కూర్చున్న సుమలత మొగుడి వైపు చూసింది. ప్రేమ్ సాగర్ ఫోన్ జేబులో పెట్టుకుని బయటికి వచ్చాడు. తలుపు దగ్గర దుర్గ కనపడగానే ఏదో అనబోయి, పక్కకి తప్పుకుని మెట్లు దిగిపోయాడు. చిట్టెమ్మ చల్లారిపోయిన మూటతోనే పిల్ల తుంటి మీద నెమ్మదిగా అద్దుతూ కూర్చుంది.

పొద్దుగుంకక ముందే అన్నాలకి కూర్చోవడం ఆ ఇంటి అలవాటు. వసారాలో గంగరాజు, నాగబాబు పీటల మీద కూర్చున్నారు. సునీత మంచినీళ్ళు పెట్టింది. దుర్గ అన్నం వడ్డించి చేపల పులుసు గిన్నె తెచ్చేలోపు చిట్టెమ్మ కాలవ వైపు నించి వచ్చింది. చేతిలో పసుపునీళ్ళ చెంబు లేదు. కర్ర ఉంది. బల్ల కొట్టే కర్ర. దాన్ని తెచ్చి రెండు కంచాల మధ్య అడ్డంగా పెట్టింది.

"ఎవరు కొట్టారు?"

నాగబాబు కలిపిన ముద్ద కంచంలోనే ఉంచాడు. "అమ్మా, తిననియ్యి ముందు."

"నీళ్ళలో మనిషుండగా బల్ల ఎవరు కొట్టారని అడుగుతున్నా."

"ఆయన పిలవమన్నాడు. రెండు దెబ్బలు..."

"మీ తాత ఉంటే అదే కర్రతో నీ వీపు మీద కొట్టేవాడు. కోడలి అరుపుకి పిల్ల బెదిరిందన్నావు నాతో. పడవ పద్ధతి నువ్వు తప్పి, ఆడదాని కాలి మీదికి తోశావు. నేను నమ్మాను కూడా. ఊరికి వినపడేట్టు అరిచాను." గొంతు పెంచలేదు. గంగరాజు వైపు తిరిగింది. "నువ్వెక్కడున్నావు?"

గంగరాజు కంచంలో వేలితో గీత గీశాడు. "అక్కడే ఉన్నా. ఆపలేదు. అమ్మాయి నన్ను పిలిచింది కూడా. వినపడనట్టు ఉన్నా."

దుర్గ గిన్నె దించి మామగారికి పులుసు పోసింది, మొగుడికి పోసింది. అత్తకి పీట వాల్చి వడ్డించింది. కర్ర తీసి గోడకి ఆనించి తను కూడా కంచం పెట్టుకుని కూర్చుంది. మగవాళ్ళు తింటుండగా ఆమె కూర్చోవడం ఆ ఇంట్లో అదే మొదలు. చీరుకుపోయిన అరచెయ్యి ఒళ్ళో వెల్లకిలా పెట్టుకుంది.

"రేపు పోటు మీదే బయల్దేరదాం," అంది. "ఆ చిన్నది ఉందో పోయిందో చూడాలి. నేను పడవలో కూర్చుంటాను, ముందు వైపు. కర్ర నా దగ్గరుంటది. ఇకనించి నీళ్ళలోకి ఎవరినీ దించేది లేదు. చూడాలనుకున్నవాళ్ళు పడవలోంచే చూస్తారు. ఇంజను ఎక్కడ ఆపాలో నేను చెబుతాను."

"ఈత లేదంటే ఎవరొస్తారే?" అన్నాడు నాగబాబు. కోపం లేదు ఆ గొంతులో, భయం ఉంది. "పక్కవాళ్ళు దించుతారు. మన గది ఖాళీగా ఉంటది."

"ఉంటే ఉంటది. బోర్డు మీద ఆ మాట పొద్దున్నే చెరుపు. నువ్వు చెరపకపోతే నేను చెరుపుతా, గోడెక్కడానికి నాకేం అడ్డం లేదుగా."

నాగబాబు తల్లి వైపు చూశాడు. చిట్టెమ్మ కంచంలో చేపముక్క ముల్లు తీస్తోంది. నిదానంగా తీసి, ముల్లు పక్కన పెట్టి, ముక్క దుర్గ కంచంలో వేసింది.

"చెప్పులు ఒడ్డునే విప్పి ఎక్కండి," అంది. "ఎవరైనా సరే. గుడివాడోళ్ళైనా."

దుర్గ తలుపు దగ్గరికి చూసింది. నీళ్ళ చెంబు రెండు చేతులతో పట్టుకుని కూతురు అక్కడే నిలబడి ఉంది.

"సునీతా, కూర్చుని తిను. పొద్దున్నే లేవాలి," అంది. "నువ్వూ వస్తున్నావు."